తీర్పుల దారిలో – 7: ఖరక్ సింగ్ ఇంటి తలుపు

1941లో ఖరక్ సింగ్ అనే మనిషి మీద ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో బందిపోటు దోపిడి కేసు పెట్టారు. సాక్ష్యం దొరకలేదు. వదిలేశారు. కేసు ముగిసింది గాని పోలీసులు మాత్రం అతణ్ణి వదల్లేదు. ఆ ఆరోపణనే ఆధారం చేసుకుని స్టేషన్‌లో అతని పేరున హిస్టరీ షీట్ తెరిచారు. అప్పటి నుంచి అతని ఇంటి మీద నిఘా మొదలైంది. రాత్రుళ్ళు కానిస్టేబుళ్ళు వచ్చి తలుపు తడతారు, కేకలేస్తారు, నిద్రలేపుతారు, ఒక్కోసారి స్టేషన్‌కు రమ్మంటారు. ఊరు దాటాలంటే ఎక్కడికి వెళ్తున్నాడో, ఎన్నాళ్ళకు వస్తాడో గ్రామ చౌకీదారుకో స్టేషన్‌కో చెప్పి వెళ్ళాలి. అతను చేరేలోపే ఆ ఊరి పోలీసులకు కబురు అందుతుంది. ఇవన్నీ అతను సుప్రీంకోర్టుకు విన్నవించుకున్న మాటలు. ప్రభుత్వం వీటిలో కొన్నిటిని కాదంది. నిఘా ఉన్న సంగతిని మాత్రం కాదనలేదు, అలా నిఘా పెట్టే అధికారం తమకుందని వాదించింది.

ఈ ధారావాహికలో ఇంతవరకూ చూసిన కేసుల్లో పిటిషనర్లు పేరున్నవాళ్ళు. గత వారం చెప్పుకున్న ఎ.కె. గోపాలన్ కమ్యూనిస్టు నాయకుడు, దేశమంతా తెలిసిన మనిషి. ఖరక్ సింగ్ అలాంటివాడు కాడు. ఉద్యమం లేదు, పార్టీ లేదు, పత్రికల్లో పేరు లేదు. పోలీసు రికార్డులో అతను అనుమానితుడు, అంతే. అయినా ఈ దేశంలో బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు, ఆధార్ కార్డు ఉన్న ప్రతి మనిషి గోప్యత హక్కూ ఏదో ఒక మలుపులో ఇతని కేసు గుండా నడిచి వచ్చిందే. ఆ హక్కు ఎవరెవరి దగ్గరికి ముందు చేరింది, ఎవరి దగ్గరికి ఆఖరున చేరింది అన్నదే ఈ వారం కథ.

ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లో ఇరవయ్యో అధ్యాయం నిఘా గురించి చెబుతుంది. అందులోని 236వ నిబంధన నిఘా అంటే ఏమిటో ఆరు ముక్కల్లో తేల్చింది. ఇంటి చుట్టూ, ఇంటికొచ్చే దారుల్లో రహస్యంగా మనుషుల్ని కాపు పెట్టడం. రాత్రివేళ ఇంటికి వెళ్ళి చూడడం. సబ్‌ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారి అప్పుడప్పుడూ వచ్చి ఆ మనిషి పేరుప్రతిష్ఠలు, అలవాట్లు, సావాసాలు, రాబడి, ఖర్చు, చేసే పని ఆరా తీయడం. అతను ఇంట్లో లేనప్పుడల్లా, ఎక్కడికి కదిలినా కానిస్టేబుళ్ళూ చౌకీదార్లూ పైకి తెలియజేయడం. వెళ్ళానన్న చోటికి నిజంగా వెళ్ళాడో లేదో విచారణ చీటీలతో సరిచూసుకోవడం. చివరిది, ఈ సమాచారమంతా హిస్టరీ షీట్‌లోకి ఎక్కించడం.

తెలుగు నేలకు ఈ పద్ధతి కొత్తది కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కులాలకు కులాలనే పుట్టు నేరస్థులుగా ముద్ర వేసింది. 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించిన ఆ చట్టం కిందే బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. హాజరు పట్టీ, చీటీ లేకుండా పొలిమేర దాటకూడదన్న ఆంక్ష, రాత్రి తనిఖీ అక్కడి మనుషులకు తరతరాల అనుభవం. 1952లో ఆ చట్టం రద్దయింది. మనిషిని అనుమానంతో కాపలా కాసే అలవాటు మాత్రం పోలీసు మాన్యువళ్ళలో అలాగే ఉండిపోయింది. ఖరక్ సింగ్ కేసును ఉత్తరాది ఊరి గొడవగా చూడలేకపోవడానికి నాకున్న కారణం ఇదే.

ఖరక్ సింగ్ 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కునిచ్చే 19వ అధికరణం, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణం, ఈ రెండూ తన విషయంలో భంగమయ్యాయన్నాడు. ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విన్నది. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది.

ఆ తీర్పు అర్థం కావాలంటే ఒక చిన్న సంగతి పట్టుకోవాలి. 236వ నిబంధనకు చట్టబలం లేదు. శాసనసభ చేసిన ఏ చట్టం కిందా దాన్ని జారీ చేయలేదు, అది పోలీసు శాఖ తన సిబ్బందికి తానే రాసుకున్న ఆదేశం. ప్రభుత్వ న్యాయవాదులే ఆ మాట ఒప్పుకున్నారు. 21వ అధికరణం ప్రకారం మనిషి స్వేచ్ఛను తగ్గించాలంటే చట్టం ఉండాలి. ఇక్కడ చట్టమే లేదు. కాబట్టి కోర్టు తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఈ నిఘా వల్ల ప్రాథమిక హక్కు దెబ్బతిన్నదా, లేదా? దెబ్బతిన్నదంటే నిబంధన నిలవదు.

నలుగురు న్యాయమూర్తుల తరఫున జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రాశారు. అర్ధరాత్రి తలుపు తట్టి ఇంట్లోకి రావడం, మనిషికి నిద్ర లేకుండా చేయడం వ్యక్తి స్వేచ్ఛను భంగపరచడమేనన్నారు. జీవితమంటే జంతువులా బతికుండడం కాదన్నారు, మనిషికి అతని ఇల్లే కోట అన్న పాత ఇంగ్లీషు న్యాయసూత్రాన్ని గుర్తుచేశారు. రాత్రి సోదాల ముక్క కొట్టుడుపోయింది. ఆ ఒక్కదాని మీద ఆరుగురిదీ ఒకే మాట.

మిగిలిన అయిదు ముక్కలనూ ఈ నలుగురూ నిలబెట్టారు. రహస్యంగా కాపు కాస్తే అతని కాళ్ళకు అడ్డం పడినట్టు కాదు కదా అన్నారు. నిఘా ఉందని తెలిసి అతను ముడుచుకుపోతే అది అతని సున్నితత్వం, దానికి రాజ్యాంగ రక్షణ లేదన్నారు. ఆపైన ఇంకో వాక్యం రాశారు. గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని. కేసు తేలడానికి ఆ వాక్యం అవసరమే లేదు. ఇంటి తలుపును కాపాడిన తీర్పే ఆ తలుపు వెనక ఉన్నదానికి హక్కు లేదనడంలో వైరుధ్యం ఉంది. న్యాయమూర్తులు ఒక్కోసారి నడుస్తూ నడుస్తూ వదిలే ఇలాంటి వాక్యాలు దశాబ్దాల తర్వాత ఏ చేతికి ఆయుధమవుతాయో ఎవరూ ఊహించలేరు. ఈ వాక్యానికీ అదే జరిగింది.

విభేదించినవారు ఇద్దరు, జస్టిస్ జె.సి. షా, జస్టిస్ కోకా సుబ్బారావు. భిన్న తీర్పు రాసింది సుబ్బారావు.

ఆయన మన రాజమండ్రి మనిషి. 1902లో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీలో, ఆపైన మద్రాసు లా కాలేజీలో చదివి, మద్రాసులోనే ప్రాక్టీసు చేసి, 1948లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954లో గుంటూరులో పెట్టిన హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడూ ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆస్తి హక్కు విషయంలో ఆయన తీర్పుల మీద, ముఖ్యంగా ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు మీద, అప్పుడూ ఇప్పుడూ గట్టి విమర్శలున్నాయి. భూసంస్కరణలు కోరుకున్నవారికి ఆయన మీద కోపం రావడంలో అన్యాయమేమీ లేదు. అయితే ఆస్తి ఉన్నవాడి పక్షాన నిలిచాడని పేరుపడిన ఈ న్యాయమూర్తే, ఆస్తీ పలుకుబడీ లేని హిస్టరీ షీటర్ విషయంలో తోటివారిలో ఎక్కువమంది వెళ్ళనంత దూరం వెళ్ళారు. ఆయన్ని అంచనా వేసేటప్పుడు ఈ రెండో పేజీ కూడా చదవాలి.

ఆయన వాదం సూటిగా ఉంటుంది. స్వేచ్ఛగా కదలడమంటే కాళ్ళు కదలడం ఒక్కటే కాదు. మనిషి ఒక పని మీద, ఒకరిని కలవడానికి, ఒక మాట చెప్పడానికి కదులుతాడు. ప్రతి అడుగూ పోలీసు కంటి కింద పడుతుంటే అతని మనసు బిగుసుకుపోతుంది, నడక మరబొమ్మ నడక అవుతుంది. అలాంటివాడికి దేశం మొత్తం జైలే అన్నారు. శరీరానికి వేసే సంకెళ్ళను చూసి మనసుకు వేసే సంకెళ్ళను చూడకపోవడం ఆయనకు ఒప్పుదల కాలేదు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో విడిగా లేకపోయినా అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని రాశారు. ఒకరి ఏకాంతంలోకి పనిగట్టుకుని చొరబడడం కన్నా మనిషి సుఖానికీ ఆరోగ్యానికీ హాని చేసేది మరొకటి లేదన్నారు. 236వ నిబంధన మొత్తాన్నీ కొట్టివేయాలన్నది ఆయన నిర్ణయం.

దీనికి తోడు గోపాలన్ తీర్పు పునాదిని కూడా ఆయన కదిలించారు. 1950 నాటి ఆ తీర్పు ప్రాథమిక హక్కులను విడివిడి గదుల్లో పెట్టింది, 19వ అధికరణం దారి దానిది, 21 దారి దానిది. సుబ్బారావు ఆ గోడలు ఒప్పుకోలేదు. హక్కులు ఒకదానిలోకి ఒకటి పారుతుంటాయని, ప్రభుత్వ చర్య ఏ ఏ హక్కులను తాకితే ఆ అన్నిటి పరీక్షకూ నిలవాలని అన్నారు. చదవడానికి ఇది సాంకేతికంగా అనిపించవచ్చు. ఆ తర్వాత అరవై ఏళ్ళ రాజ్యాంగ చరిత్ర నడిచింది మాత్రం ఈ దారినే.

భిన్న తీర్పుకు అమలు లేదు. ఖరక్ సింగ్‌కు రాత్రి తలుపు చప్పుడు ఆగాలని మాత్రమే ఆదేశం దక్కింది. హిస్టరీ షీటు, కాపు, ఆరాలు అన్నీ చట్టబద్ధంగానే మిగిలాయి. అతని పేరు ఆ తర్వాత లా రిపోర్టుల్లో తప్ప ఎక్కడా కనిపించదు.

వాదం మాత్రం బతికింది. 1967లో సుబ్బారావే ప్రధాన న్యాయమూర్తిగా సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశ ప్రయాణం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, చట్టం లేకుండా పాస్‌పోర్టు నిరాకరించడం కుదరదని తీర్పు రాశారు. అంతవరకూ పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వ దయ. ఆ తీర్పు వల్లే అదే ఏడాది పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేయాల్సి వచ్చింది. ఇవాళ తెలుగు పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళేటప్పుడు చేతిలో పట్టుకునే పుస్తకం ఆ చట్టం కింద ఇచ్చేదే. ఆ తీర్పు వెలువడిన వెంటనే సుబ్బారావు పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకీర్ హుస్సేన్ మీద రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. పదవిలో ఉన్న ప్రధాన న్యాయమూర్తి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం సరైన పని కాదని నేననుకుంటాను. ఆయన తీర్పుల విలువ దానివల్ల తగ్గిపోదు.

1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం హక్కులకు విడివిడి గదులన్న సిద్ధాంతాన్ని పక్కనపెట్టింది. 1975లో గోవింద్ కేసు మళ్ళీ నిఘా కేసే, ఈసారి మధ్యప్రదేశ్‌ది. జస్టిస్ మాథ్యూ గోప్యత హక్కు ఉందని అనుకుని పరిశీలించారు. పోలీసు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధతకు ప్రమాదకరంగా దగ్గర్లో ఉన్నాయని హెచ్చరించారు, మార్చుకోమన్నారు. కానీ అక్కడి నిబంధనలకు పోలీసు చట్టం అండ ఉందని వాటిని నిలబెట్టారు. హిస్టరీ షీటర్ రెండోసారీ ఓడిపోయాడు.

తర్వాత ఎమర్జెన్సీ. 1976 ఏప్రిల్ 28న ఎ.డి.ఎం. జబల్‌పూర్ తీర్పు వచ్చింది. అకారణంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్ళే హక్కు లేదని నలుగురు చెప్పారు, జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఎనిమిది రోజుల తర్వాత, మే 6న, సుబ్బారావు కన్నుమూశారు. తన వాదానికి దక్కిన విజయం ఆయన చూడలేదు. 1978లో మేనకా గాంధీ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన 1962లో చెప్పిన దారినే చట్టంగా స్థిరపరిచింది. ఆ కథ పెద్దది, వచ్చే వారం వివరంగా చెప్పుకుందాం.

ఇక్కడి నుంచి మన హైకోర్టు కూడా కథలోకి వస్తుంది. 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, కాపురానికి రమ్మని భార్యనో భర్తనో కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. తన శరీరం మీద, తన మాతృత్వం మీద నిర్ణయం ఆమెదేనని, ఇష్టంలేని సాన్నిహిత్యాన్ని ప్రభుత్వం రుద్దడం గోప్యతనూ గౌరవాన్నీ భంగపరచడమేనని రాశారు. మరుసటి ఏడాదే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది, ఆ సెక్షన్ ఇప్పటికీ పుస్తకంలో ఉంది. నలభై ఏళ్ళ తర్వాత చదివినా ఆ తీర్పులో ధైర్యం తగ్గలేదు. హైదరాబాద్‌లో కూర్చున్న ఒక న్యాయమూర్తి దేశం కన్నా ఎంత ముందు నడిచారో అందులో కనిపిస్తుంది.

1994లో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మరణశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ కేసులో, తన మానాన తనను వదిలేయమనే హక్కు ప్రతి పౌరుడికీ ఉందన్నారు. అయితే పబ్లిక్ రికార్డులో ఉన్న విషయాల గురించి రాయకుండా పత్రికలను ముందే ఆపే అధికారం ప్రభుత్వాధికారులకు లేదని కూడా అదే తీర్పులో చెప్పారు. 2004లో కెనరా బ్యాంకు కేసు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టర్ ఎవరికి అధికారమిస్తే వారు బ్యాంకులతో సహా ఎక్కడైనా దస్తావేజులు తనిఖీ చేయవచ్చని రాసుకుంది. మన హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది, సుప్రీంకోర్టు సమర్థించింది. గోప్యత మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, చోటును కాదు, నీ కాగితం బ్యాంకు చేతికి వెళ్ళినా నీ రహస్యం నీదేనని ప్రధాన న్యాయమూర్తి లాహోటీ రాశారు.

వరస గమనించండి. పాస్‌పోర్టు కావలసినవాడు, పత్రిక నడిపేవాడు, బ్యాంకులో దస్తావేజు దాచుకున్నవాడు, వీరికి హక్కు చేరింది. దాన్ని మొదట అడిగినవాడు ఇంకా బయటే ఉన్నాడు.

2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను సవాలు చేశారు. గతంలో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షత వహించిన మనిషే. 2015లో కేంద్రం తరఫున అటార్నీ జనరల్ ఎవరూ ఊహించని వాదం తెచ్చారు. గోప్యత అసలు హక్కే కాదన్నారు. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిదిమంది ధర్మాసనం, 1962లో ఖరక్ సింగ్ కేసులో ఆరుగురి ధర్మాసనం ఆ మాట అన్నాయని, ఆ తర్వాత గోప్యతను గుర్తించినవన్నీ చిన్న ధర్మాసనాలని, పెద్ద ధర్మాసనం మాటను చిన్నది కాదనలేదని. అవసరం లేకపోయినా రాసిన ఆ పాత వాక్యం యాభై మూడేళ్ళ తర్వాత ఇలా పైకి లేచింది. మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ నాయకత్వంలోని ముగ్గురు సభ్యుల ధర్మాసనం ఆ ప్రశ్నను పై ధర్మాసనానికి పంపింది. ఎనిమిదిమందిని కాదనాలంటే తొమ్మిదిమంది కావాలి. 2017లో తొమ్మిదిమందీ కూర్చున్నారు.

ఆగస్టు 24న తీర్పు. ఆరు అభిప్రాయాలు, ఒకటే నిర్ణయం: గోప్యత ప్రాథమిక హక్కు. చలమేశ్వర్ కూడా విడిగా రాశారు. జస్టిస్ నారిమన్ మన న్యాయచరిత్రలో మూడు గొప్ప భిన్న తీర్పులను పేర్కొన్నారు. గోపాలన్ కేసులో ఫజల్ అలీది, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుది, ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసులో ఖన్నాది. 1976లో తన తండ్రి భాగస్వామి అయిన ఆ తీర్పు తప్పని జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఇదే తీర్పులో రాశారు. 1962లో నలుగురు రాసిన ఆ వాక్యం చెల్లకుండా పోయింది. ఏడాది తర్వాత శిక్షాస్మృతి 377వ సెక్షన్ పరిధి నుంచి స్వలింగ సంబంధాలను తప్పించిన తీర్పుకు ఇదే ఆధారమైంది. ఆధార్ చట్టం మాత్రం 2018లో కొన్ని కోతలతో నిలిచింది. హక్కును గుర్తించడం ఒక ఎత్తు, ఆ హక్కుతో ప్రభుత్వ పథకాన్ని ఆపడం మరో ఎత్తు.

మరి హిస్టరీ షీటర్?

మన దగ్గర అతని పేరు రౌడీషీటర్. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద అతని పేరున షీటు తెరుస్తారు. అవి కూడా, 236వ నిబంధన లాగే, శాఖ రాసుకున్న ఆదేశాలే. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం ముందుకు అలాంటి కేసులే వచ్చాయి. పుట్టస్వామి తీర్పు తర్వాత, చట్టం అండ లేని స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా మనిషి మీద షీటు తెరవడం, కొనసాగించడం, రాత్రివేళ ఇంటికి వెళ్ళడం కుదరదని జస్టిస్ సోమయాజులు తీర్పిచ్చారు. అచ్చంగా ఖరక్ సింగ్ అడిగినదే, అరవై ఏళ్ళకు. నేరం అదుపులో ఉండాలంటే నిఘా తప్పదని పోలీసు అధికారులు అంటారు, ఆ మాటలో పస లేదనను. నిజంగా నిఘా అవసరమైతే శాసనసభ దగ్గరికి వెళ్ళి, ఎవరి మీద, ఏ ఆధారంతో, ఎంతకాలం అన్నది చట్టంలో రాయించుకోవాలి. ఖరక్ సింగ్ కేసు మొదటి రోజు నుంచీ అడుగుతున్నది అదే.

2024 మే నెలలో ఢిల్లీ పోలీసుల హిస్టరీ షీటు మీద వచ్చిన మరో కేసులో సుప్రీంకోర్టు, వెనుకబడిన, షెడ్యూల్డు కులాలు, తెగల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఈ షీట్లలోకి ఎక్కుతున్నాయన్న ఆందోళన వ్యక్తం చేసింది. తమ నిబంధనలు సరిచూసుకోమని రాష్ట్రాలన్నిటినీ అడిగింది. స్టువర్టుపురం ఉన్న రాష్ట్రం, అలాంటి తెగలే ఎన్నో ఉన్న తెలంగాణ ఆ పని ఎంతవరకు చేశాయో అడగాల్సింది ఇక్కడి శాసనసభ్యులూ న్యాయవాదులూ పత్రికలవాళ్ళం మేమూ.

(వచ్చే వారం: మేనకా గాంధీ పాస్‌పోర్టు)